కింది దారం

కొండల్ మా దుకాణానికి వచ్చిన మధ్యాహ్నం ఎండ ఎట్లా ఉందంటే, సాగర్ రోడ్డు మీద కుక్క కూడా కనిపించలేదు. అలాంటి వేళ చూసుకొనే వచ్చాడు. చేతిలో యూరియా సంచి, సంచిలోంచి పొడుచుకొచ్చిన ఒక కర్ర. లోపలికి రాగానే అటూ ఇటూ చూశాడు. సుతిలి తాడు ఉందా అని అడిగాడు. ఉందన్నాను. మేకులు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. రెండూ కొనకుండా అక్కడే నిలబడ్డాడు. నాకు విసుగొచ్చి, సంచిలో ఏముందో తియ్యమన్నాను, నేనేమైనా పోలీసునా అన్నాను.

తీశాడు. గాలం వేసే రాడ్, దానికి బిగించిన స్పిన్నింగ్ రీలు. రీలు మీద దారం లేదు, దారం చుట్టే గిన్నె ఖాళీగా ఉంది.

"మా లింగం కొడుకుది," అన్నాడు.

లింగం అతని తమ్ముడు. అది ఎవరిదని నేను అడిగితే కదా! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. నవ్వు ఆపుకొని రీలు చేతిలోకి తీసుకున్నాను.

కొండల్‌కు రాడ్ పట్టుకోవడం ఎందుకంత నామోషీయో తెలియాలంటే ముందు అతని వల సంగతి తెలియాలి. ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో విసురు వల వెయ్యడంలో తన అంతటివాడు లేడని అతనే చెప్పుకునేవాడు. వింత ఏమిటంటే మిగతావాళ్ళూ ఒప్పుకునేవారు. థర్మకోల్ తెప్ప మీద నిలబడి, వల అంచు పళ్ళతో పట్టి, నడుము తిప్పి విసిరితే అది నీళ్ళ మీద జొన్నరొట్టెలా గుండ్రంగా పరుచుకునేది. చెరువు ఎండిపోయిన ఏళ్ళలో బొంగులూరు వెంచర్లలో ఇటుకలు మోశాడు, ఒక అపార్ట్‌మెంట్ గేటు దగ్గర సెక్యూరిటీ టోపీ పెట్టుకొని కూర్చున్నాడు. నీళ్ళు మళ్ళీ వచ్చాయని తెలిసిన రోజు ఆ టోపీ కుర్చీ మీద పెట్టి, ఎవరికీ చెప్పకుండా చెరువుకు నడిచి వచ్చాడు. జీతం కూడా తర్వాత ఎప్పుడో పోయి తెచ్చుకున్నాడు.

అలాంటివాడికి ఆదివారాలు తుర్కయాంజాల్ నుంచీ ఎల్బీనగర్ నుంచీ టోపీలు పెట్టుకొని రాడ్లతో వచ్చేవాళ్ళంటే లోకువ. కట్టె పట్టుకొని నీళ్ళలో మొహం చూసుకునేవాళ్ళని వెక్కిరించేవాడు. వల మగవాడి పని, గాలం పనిలేనివాడి పని అనేవాడు. ఆ మాట మా దుకాణం ముందు నిలబడి, నా గిరాకీలు వింటుండగా అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. మా ఆయన ధర్మేందర్ లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు, దుకాణం నడిపేది నేను. మేకులు, తాళ్ళు, పైపుల పక్కన గాలాలు పెట్టాక కదా నా కౌంటరుకు కళ వచ్చింది. రీళ్ళకు దారం చుట్టిచ్చేదీ నేనే. పుట్టింట మాది మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టిన చెయ్యి ఇది, దారం మాట వింటుంది.

పోయిన వానాకాలం కొండల్ చెరువు కట్ట రాళ్ళ మీద జారిపడ్డాడు. కుడి భుజం కీలు తప్పింది. దవాఖానలో కీలు మళ్ళీ ఎక్కించారు గానీ చెయ్యి చెవి దాటి పైకి లేవలేదు. వల చూరుకెక్కింది. అతని భార్య రుక్కమ్మ మార్కెట్లో చేపలమ్ముతుంది. ఆమె పక్కన పీట వేసుకొని పొలుసు గీకడం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు పలకరిస్తే తల ఎత్తేవాడు కాదు. నోరు తగ్గింది. చూస్తే జాలేసేది, కానీ చెప్పకూడదు గానీ నా దుకాణం ముందు కాస్త ప్రశాంతంగానూ ఉండేది.

ఇంతలో అతని కూతురు ఉమారాణి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. వాళ్ళింట్లో తాతల నాటి పట్టింపు ఒకటుంది. బాలింత పుట్టింట్లో ఉండగా తండ్రి తన చేత్తో పట్టిన కొర్రమీను తెచ్చి పులుసు పెట్టించాలి. కొర్రమీనును మా దగ్గర కొర్రమట్ట అంటారు, పచ్చి ఒంటికి బలమని పెడతారు. కొని తెస్తే చెల్లదు. అసలు 'కొన్న చేప' అనే మాటే వాళ్ళింట్లో తిట్టు. చేతగానివాణ్ణి చూపించి, వాడా, కొన్న చేప తినేవాడు అంటారు. లింగం తాను పట్టి ఇస్తానన్నాడు. కొండల్ ఒప్పుకోలేదు, తమ్ముడు ఇచ్చినా అది తనకు కొన్నట్టేనట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. బిడ్డ అత్తగారింటికి పోయేలోపు ఒక్క కొర్రమట్ట, తన చేత్తో. అతనికి కావలసింది అదొక్కటే.

అందుకే ఆ రాడ్. తుర్కయాంజాల్ నుంచి వచ్చే రమాకాంత్ సారు పాతదైపోయిందని వదిలేసి పోతే, నలుగురూ వెళ్ళిపోయాక తీసుకొని సంచిలో చుట్టేశాడు. ఇదంతా రుక్కమ్మ నాకు అప్పటికే చెప్పింది. కనుక లింగం కొడుకు కథ నేను వినీ విననట్టు ఊరుకున్నాను.

మొదట అతను చేయి పెట్టింది తంగూసు మీద. ఒంటిపోగు నైలాన్ దారం, వల మనుషులకు అలవాటైనది. అది వద్దన్నాను. తంగూసు సాగుతుంది. కట్ట వైపు గుర్రపుడెక్క ఎంత ఉందో అతనికే తెలుసు. కొర్రమీను ఎరను పట్టుకోగానే ఆ ఆకుల కిందికి దూరుతుంది, దారం సాగుతూ కూర్చుంటే చేప లోపలే ఉండిపోతుంది. సాగని దారం కావాలి. పోగులన్నీ కలిపి జడలా అల్లిన దారం, బ్రెయిడ్ అంటారు, అది తీసి చూపించాను. వేళ్ళ మధ్య రుద్దాడు, పళ్ళతో కొరికాడు, లాగాడు. బాగుందని ఒప్పుకోవడానికి మనసొప్పక, మూతి విరిచాడు.

అల్లిన దారంతో ఒక చిక్కుంది. నున్నగా ఉంటుంది, రీలు ఇనుమును పట్టుకోదు. అందుకని అడుగున ముందు కొంచెం తంగూసు చుట్టి, దానికి ముడేసి, పైన బ్రెయిడ్ చుట్టాలి. అదే చేశాను. దారపు ఉండను పేరు అచ్చేసిన వైపు పైకి పెట్టి, కొంచెం చుట్టి, వదులు చేసి చూశాను. పురి పడలేదు. పురి పడితే మొదటి విసురుకే చిక్కు పడుతుంది. కొండల్‌ను తడిగుడ్డతో దారం బిగించి పట్టుకోమన్నాను. పట్టుకున్నాడు గానీ కళ్ళు రోడ్డు మీదే. ఒక షేర్ ఆటో ఆగితే చాలు, రీలు వెనక దాక్కోవాలన్నంతగా ముడుచుకుపోయాడు. అడుగున తంగూసు ఎందుకో నేను చెబుతూనే ఉన్నాను. అతని చెవులు కూడా రోడ్డు మీదే ఉన్నాయని నాకు ఆ తర్వాత గానీ తెలియలేదు.

వల అల్లేవాళ్ళకు ఒక అలవాటు ఉంది. ఎంత నమ్మకమైనవాళ్ళు ఇచ్చినా, కొత్త దారాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళ మధ్యనుంచి తీసి చూడకుండా నీళ్ళలో పెట్టరు. ఎక్కడ గరుకుందో, ఎక్కడ నలిగిందో వేలే చెబుతుంది. కొండల్ ఇంటికి పోయి పెరట్లో రెండు గుంజల మధ్య దారమంతా తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ అడుగుకు వచ్చాడు. అక్కడ ముడి, ముడి కింద తంగూసు.

మరునాడు ఆదివారం. దుకాణంలో గిరాకీలు నిండుగా ఉన్నారు. పక్క టీ కొట్టు బాలరాజ్ గ్లాసులు పంచుతున్నాడు. కొండల్ రాడ్ ఎత్తి పట్టుకొని వచ్చాడు, ఎత్తగలిగినంత. మంచి దారం అని చెప్పి అడుగున నాసిరకం కుక్కి గిన్నె నింపానని, బియ్యంలో రాళ్ళు కలిపే బుద్ధి నాదని అందరి ముందూ అరిచాడు. నా కోపం నాకూ ఉంది. అయినా మెల్లగానే, అది మోసం కాదు, అది లేకపోతే పై దారం మొత్తం రీలు మీద జారి తిరుగుతుంది, వినన్నా అన్నాను.

"చేపపిల్లకు ఈత నేర్పుతవా?" అన్నాడు. "దారం గురించి నాకు చెప్పకు చెల్లె. పుట్టినకాడికెల్లి దారమే పట్టిన."

ఇక నా వల్ల కాలేదు. ఇంకో ఉండ బ్రెయిడ్ కౌంటరు మీద పెట్టి, తీసుకుపోయి నీ చేత్తో నువ్వే చుట్టుకోమన్నాను. ఉండ తీసుకున్నాడు. అప్పుడే బాలరాజ్ మామూలుగా, ఏ ఎత్తిపొడుపూ లేకుండా అడిగాడు.

"కొండలన్నా, గాలం నువ్వు వేస్తున్నవా?"

గిరాకీలందరూ ఇటు తిరిగారు. కొండల్ చేతిలో ఎత్తి పట్టుకున్న రాడ్‌ను తానే అప్పుడు చూసినట్టు చూశాడు. లింగం కొడుకు పేరు నోటిదాకా వచ్చి ఉంటుంది, కానీ తన దారం, తన రీలు అని అప్పటిదాకా అరిచింది తనే. చెవుల దాకా ఎర్రబడ్డాడు. రాడ్ దించి, యూరియా సంచి కోసం చుట్టూ వెతుక్కున్నాడు. తేలేదు. అట్లాగే, కనిపిస్తున్న రాడ్‌తోనే, రోడ్డంతా నడిచిపోయాడు. తిట్టించుకున్నది నేను, కానీ ఆ పోతున్న వీపు చూసి సిగ్గుపడ్డదీ నేనే.

తంగూసు మొత్తం పీకేశాడు. నున్నటి రీలుకు బ్రెయిడ్ నేరుగా కట్టాడు. ముడి మాత్రం గొప్పదే వేశాడట, వల ముడి, దానికి తిరుగులేదు. ముడి ఊడదు నిజమే. కానీ ముడితో సహా అంతా కలిసి తిరిగితే ముడి ఏం చేస్తుంది?

చెరువు దగ్గర జరిగింది లింగం చెప్పగా విన్నాను. తెల్లవారి ఎండ పడకముందే కట్ట మీద కూర్చున్నాడు కొండల్. కొర్రమీను గాలి కోసం పైకి వస్తుంది. ఎక్కడ బుడగ లేస్తే ఎక్కడ తల తేలుతుందో ఆ కళ్ళకు తెలుసు. ఎరగా కట్టిన రబ్బరు కప్పను మోచేతితో కిందినుంచి విసిరాడు, భుజం కదపకుండా. అది గుర్రపుడెక్క అంచున, సరిగ్గా ఖాళీ నీళ్ళలో పడింది. తెప్ప మీద వెళుతున్న లింగం, చేపల సొసైటీ మనుషులు తెడ్లు ఆపి చూశారు. అన్న మళ్ళీ అన్నలా కనిపించాడని లింగం అన్నాడు. నీళ్ళు పగిలిన చప్పుడు. కప్ప మాయమైంది. రాడ్ వంగింది.

కొండల్ రీలు తిప్పాడు. పిడి తిరుగుతోంది, దారం రావడం లేదు. గిన్నె మీద దారం మొత్తం ఒక్క చుట్టగా, సన్నటి చేతికి వేసిన వదులు గాజులా గిరగిరా తిరుగుతోంది. చేప మాత్రం తాపీగా ఆకుల కిందికి పోతోంది. ఏం చెయ్యాలో తోచక దారాన్ని చేత్తో పట్టుకొని లాగాడు. వల అయితే చేత్తోనే కదా లాగుతారు. బ్రెయిడ్ కత్తి లాంటిది. వేళ్ళు తెగాయి, వదిలేశాడు. గుర్రపుడెక్క ఒకసారి కదిలి ఊరుకుంది, చేప గాలం వదిలించుకుపోయింది.

తెప్ప మీద ఎవ్వరూ నవ్వలేదట. నవ్వితే బాగుండేది, నాలుగు తిట్లు తిట్టి తేలికయ్యేవాడు. అందరూ మొహాలు అటు తిప్పుకొని మబ్బుల గురించి మాట్లాడుకున్నారు. కొండల్ నీళ్ళలో వేళ్ళు కడుక్కొని రాడ్ మడిచి వెళ్ళిపోయాడట.

ఆ తర్వాతి పని అతను ఎట్లా చేశాడో నేను ఇప్పటికీ ఊహించలేను. పెద్ద అంబర్‌పేట్ దాకా పోయాడు, తనను గుర్తుపట్టేవాళ్ళు ఉండరని. అక్కడ హైవే పక్కన డ్రమ్ముల్లో పెంపకం కొర్రమీన్లు బతికున్నవి అమ్ముతారు. తరాజుకు అవతలి పక్క నిలబడటం అతనికి జీవితంలో అదే మొదలు. ఎట్లా అడగాలో తెలియలేదట. వేలితో చూపించాడు. ఏ ఊరని అమ్మేవాడు అడిగితే ఎల్బీనగర్ అన్నాడట. కోసి ఇవ్వాలా అంటే బిత్తరపోయి వద్దన్నాడు. ఊరు దగ్గరికి వచ్చాక కవరులోంచి తీసి, చెరువు నీళ్ళలో ముంచి, చేత్తో పట్టుకొని ఇంటికి నడిచాడు. పట్టిన అని ఒక్క మాట చెప్పి పెరట్లోకి పోయాడు.

రుక్కమ్మ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేపలు కోసిన మనిషి. పొట్ట చీల్చగానే కొవ్వు, దానితోపాటు పెంపకం చేపలకు వేసే మేత గోలీలు బయటపడ్డాయి. ఒకసారి పెరటి వైపు చూసింది. బిడ్డ చూడకముందే అవన్నీ కడిగేసి పులుసు పెట్టింది. ఈ సంగతులన్నీ మొగుడూ పెళ్ళాలు ఒకరికొకరు చెప్పుకున్నది ఆ తర్వాత చాలా రోజులకు, రుక్కమ్మ నాకు చెప్పింది అంతకన్నా తర్వాత. ఆ రాత్రికి మాత్రం ఇద్దరూ మింగలేక కక్కలేక కూర్చున్నారు.

ఉమారాణి గిన్నె ఊడ్చి తింది. తిని, అత్తగారికి ఫోన్ చేసి, మా బాపు దెబ్బ తాకిన చేతితోనే కొర్రమట్ట పట్టుకొచ్చిండు అని చెప్పింది. గోడ ఇవతల కొండల్ విన్నాడు. కంచం ముందునుంచి లేచిపోయాడు. బిడ్డ తన గురించి గొప్ప చెప్పిన మాటను అట్లా వినాల్సి వచ్చింది, ఎవరికి రావాలి ఆ గతి?

ఆ పై ఆదివారం దుకాణం కిటకిటలాడుతుండగా కొండల్ వచ్చాడు. సంచి లేదు. రాడ్ చేతిలోనే ఉంది, వేళ్ళకు గుడ్డ పేలికలు. బాలరాజ్ చూశాడు, పోయిన వారం ఉన్నవాళ్ళలో సగంమంది చూశారు.  అనడానికి నా దగ్గర చాలా ఉంది, కొన్ని రోజులుగా లోపల తయారుచేసి పెట్టుకున్నాను కూడా. అతని మొహం చూశాక రీలు కోసం చెయ్యి చాపాను.

"చెల్లె," అన్నాడు, "కింద గదే పెట్టు."

తంగూసు తీసి మొదలుపెట్టాను. స్టూలు తెచ్చుకొని కూర్చున్నాడు, ఈసారి మొహం రీలు వైపు పెట్టి. తడిగుడ్డ ఇచ్చాను. తెగిన వేళ్ళకు మంట పుట్టి ఉంటుంది, అయినా బిగించి పట్టుకున్నాడు. అడుగు చుట్లు అయ్యాయి. ముడేసి, వేలితో తడిమి చూడమన్నాను. చూశాడు. బ్రెయిడ్ సగం చుట్టేసరికి గుమ్మం ముందు ఆటో ఆగింది.

ఉమారాణి. ఒళ్ళో గుడ్డలో చుట్టిన పిల్ల. మరునాడు అత్తగారింటికి ప్రయాణమని, అందరికీ చెప్పి పోదామని తిరుగుతోంది. నాకు చెప్పి, పిల్లను చూపించి, అప్పుడు తండ్రిని చూసింది. ఆయన పట్టుకున్న దారాన్ని, రీలును చూసింది.

"గిదేనా బాపు, కొర్రమట్టను పట్టింది?"

బాలరాజ్ గ్లాసులు కడగడం ఆపాడు. చేప పోయిన సంగతి ఊరికంతా తెలుసు. అందరూ కొండల్‌నే చూస్తున్నారు. అవ్ అంటే అయిపోయేది. ఎవరూ కాదనేవాళ్ళు కాదు, నేను కూడా అనేదాన్ని కాదు. ఉమారాణి రేపు వెళ్ళిపోతుంది. అవ్ అనేస్తే బాగుండునని నేను లోపల మొక్కుకున్నాను.

"పట్టలే బిడ్డా," అన్నాడు కొండల్. తడిగుడ్డ ఇంకొంచెం బిగించాడు. "కొన్న."

తల వంచుకొని, దారం పట్టుకొని కూర్చున్నాడు. ఇంతమంది ముందు బట్టలు విప్పినా ఆ మనిషికి అంత సిగ్గు వేసేది కాదు.

ఉమారాణి పిల్లను భుజం మీదికి మార్చుకుంది.

"నాకు తెలుసు బాపు. మన చెరువు మట్టకు జర బురద వాసనుంటది. గా పులుసుల లేదు. మొదటి ముద్దకే తెలిసింది."

"మరెందుకు తిన్నవ్?" అన్నాడు, తల ఎత్తకుండానే.

"పట్టుడు నీకు ఎన్నడన్న కష్టమైందా? నా కోసం కొన్నవ్," అంది ఉమారాణి. "ఎట్ల కొన్నవో ఏమో అనుకుంటనే తిన్న. గందుకే ఒక్క ముక్క ఇడువలే."

కొండల్ వేళ్ళ మధ్య దారం వదులైంది. బిగించి పట్టమని నేను అనలేదు. పిడి మీద చెయ్యి ఉంచి, జరసేపు చుట్టడం ఆపాను.